బతికిన పిల్లగాడు

సక్కుబాయి వేలిముద్ర వేయనంది.

"నా బిడ్డ పేగులు తీసేస్తె ఇగ తిన్నది యాడికి పోతది సారూ? గట్ల కోసినంక బతికిన పిల్లగాన్ని ఒక్కన్ని సూపియ్యి. అప్పుడేస్త."

తొంభై మూడు ఎండాకాలం. మిర్యాలగూడలో చిన్న దవాఖాన. ఇలాంటి మొండితనం డాక్టరుకు కొత్త కాదు. అయినా ఆ పూట ఆయనకు బతిమాలే తీరిక లేదు. లోపల నాలుగేళ్ల రంగి కడుపు ఉబ్బి మూలుగుతోంది. పేగు మెలిపడింది. నల్లబడిన భాగం కోసి తీసేయాలి. చాలా మటుకు పోతుంది. హైదరాబాదు తీసుకుపోయేంత టైము లేదు. తండ్రి ఫూల్‌సింగ్ ఏమీ తేల్చుకోలేక భార్య ముఖం చూస్తున్నాడు.

డాక్టరుకు బీరన్న గుర్తొచ్చాడు. నిడమనూరులో గొర్రెలు కాసే ముత్తయ్య కొడుకు. ఏడేళ్ల కింద వాడికీ ఇదే జబ్బు, ఇదే ఆపరేషన్. రెండు మూరల పేగు మిగిలింది. పోయినేడు చూపించడానికి వచ్చినప్పుడు దవాఖానంతా ఉరుకులాడి నర్సుతో చీవాట్లు తిన్నాడు.

"వాణ్ణీ, వాళ్లమ్మనూ జీపులో తీసుకురా" అని కాంపౌండర్ అంజయ్యను తరిమాడు.

గంట తర్వాత జీపు వచ్చింది. దిగింది తల్లి బుచ్చమ్మ ఒక్కతే.

"పిల్లాడేడయ్యా?" అన్నాడు డాక్టరు.

అంజయ్య నోరు తెరిచేలోపే బుచ్చమ్మ అందుకుంది. "గొర్ల కాడున్నడు సారూ. నేను మాట్లాడుత."

వచ్చిందే గాని దవాఖాన గడప దాటలేదు. చాప వేస్తే కూర్చోలేదు. ఛాయ్ ఇస్తే వద్దంది. సక్కుబాయికి చురుక్కుమంది. తండావాళ్లమని కాబోలు ఇంత ఎడం! అయినా అవసరం తనది. దిగమింగుకుని అడిగింది.

"నీ కొడుకు నిజంగ అన్నం తింటడా అక్కా?"

"తింటడు. ఒక్కపారే కడుపునిండ పెట్టొద్దు. జర జర, పొద్దంత పెట్టాలె. పిల్లగాన్ని కడుపు మాడుస్తున్ననని వాడకట్టోల్లు తిట్టిన్రు. పడ్డ. వాడు మాత్రం పెద్దగైండు. పొట్టేలు కొమ్ములు వట్టి గుంజుతడు. సెప్తె ఇనడు."

చెప్తూ నవ్వింది కూడా. ఆ నవ్వుకు సక్కుబాయి సగం మెత్తబడింది.

"ఇప్పుడు పానం మంచిగున్నదా?"

లోపల్నుంచి రంగి మూలుగు వినిపిస్తే బుచ్చమ్మ అటు చూసింది.

"మంచిగున్నడు చెల్లె. నువ్వు ఏలుముద్ర ఏయి. ఏడేండ్ల సంది అమ్మా అని పిలిపించుకున్న. ఆనాడు నేను ఎయ్యకపోతె నాకా పిలుపు దక్కేదా?"

సక్కుబాయి ఏడుస్తూనే వేలు చాపింది.

రంగిని చక్రాల బల్ల మీద తోసుకుంటూ గడప పక్క నుంచి ఆపరేషన్ గదికి తీసుకుపోతున్నారు. సక్కుబాయి ఆపింది. "అక్కా, నీ చెయ్యి ఒక్కపారి దీని నెత్తి మీద పెట్టు. నీ లెక్క నాకు గూడ బిడ్డ దక్కాలె."

బుచ్చమ్మ గబుక్కున రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

"నా చెయ్యి వద్దు చెల్లె. తీస్కపోన్రి, జల్ది తీస్కపోన్రి."

తలుపు మూసుకుంది. ఇంత దూరం వచ్చి ఇంత చెప్పిన మనిషికి పసిపిల్లను తాకడానికి కులం అడ్డమొచ్చిందా అనుకుంది సక్కుబాయి. జీపు ఎక్కుతున్న ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

బుచ్చమ్మ ఆ చేతులతో మొన్ననే బీరన్న మీద మట్టి వేసి వచ్చింది, ఇంకా మైల తీరలేదు.