కుజుడూ శనీ కలిసిన వేళ

తుమ్మచెట్టు మీద గువ్వమ్మ రెండో పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చిన సాయంత్రమే, ఆకాశంలో కుజుడూ శనీ ఒక్కచోట చేరారు. పైకొమ్మ మీది గూబ పంతులు అటే చూసి నిట్టూర్చాడు.

"పాపగ్రహాలు రెండూ కలిశాయి తల్లీ. ఈ చిన్నదాని వల్ల నీకు కడుపుకోత తప్పదు."

అంటే ఇది పెద్దదాన్ని పొట్టన పెట్టుకుంటుందన్నమాట! అనుకుంది గువ్వమ్మ. ఆనాటి నుంచి చిన్నదాన్ని గూటి అంచుకు నెట్టేసేది. అది నోరు తెరిస్తే మొహం తిప్పుకుని, మేతంతా పెద్దదానికే పెట్టేది.

"వాళ్లెక్కడో ఆకాశంలో కలిస్తే దీనికెందుకే పస్తులు?" అన్నాడు మగగువ్వ.

"కన్నతల్లిని. నా భయం నీకేం తెలుసు?" అని కసిరింది.

ఓ చలి తెల్లవారుజామున చిన్నది కొయ్యబారిపోయింది. దాన్ని ముక్కుతో కదిపి కదిపి, గువ్వమ్మ గుండెలవిసేలా ఏడ్చింది.

"కడుపుకోతని ఆనాడే చెప్పానా, లేదా?" అన్నాడు గూబ.

"మీ మాట పొల్లుపోలేదు పంతులుగారూ." గువ్వమ్మ కళ్లు తుడుచుకుని, రెక్కకింది పెద్దదాన్ని ముందుకు జరిపింది. "దీని జాతకం కూడా కాస్త చూడండి."

మేతకోసం తెరిచిన నోరు టక్కున మూసేసుకుంది పెద్దపిల్ల.