గాలి సూది

"ట్రే నేను పట్టుకురాను. నేనేమన్నా పెళ్ళికూతుర్నా?"

మనీష్ వంటింటి గుమ్మంలోనే మొరాయించాడు. చేతిలో ట్రే, ట్రేలో దోహా నజ్మా బజారు నుంచి పనిగట్టుకుని తెప్పించిన సున్నుండలు, కారప్పూస. అవతల హాల్లో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ హమీదుద్దీన్ సోఫా నిండా కూర్చుని ఉన్నాడు. టీములోకి తీసుకునే ముందు కుర్రాణ్ణి ఇంటికొచ్చి చూసి వెళ్ళడం ఆ కాలేజీ పద్ధతి. ఇంటికొచ్చి చూసి వెళ్ళడం అంటే మనవాళ్ళకి తెలిసిన పద్ధతి ఒక్కటే కదా!

"నోర్మూసుకుని నడు. తల కాస్త దించుకో," అంది వసుంధర కొడుకు కాలరు సర్దుతూ. "అడిగినదానికే జవాబు చెప్పు. మీ నాన్నలా వాగకు."

ఆ నాన్న శేషాచలం అప్పటికే వాగుతున్నాడు. "మావాడు బంగారమండీ! పొద్దున్నే లేస్తాడు, ఒక్క చెడ్డ అలవాటు లేదు, వంట కూడా కొద్దికొద్దిగా వచ్చు..."

హమీదుద్దీన్‌ది హైదరాబాద్. దోహా వచ్చి ఇరవయ్యేళ్ళయినా తెలుగు మర్చిపోలేదు. సున్నుండ ఒకటి నోట్లో వేసుకుని, "ఆట నేను చూసిన సార్. పోరడు పులి. పరేషాన్ అంతా మార్కులతోనే. కాలు ఎంత మంచిగున్నా సరే, లెక్కల్ల యాభై రాకుంటే మా కాలేజీల గ్రౌండు మెట్టు ఎక్కనియ్యరు," అంటూ మనీష్ ప్లస్ టూ కాగితాలు ముందేసుకున్నాడు. "క్వార్టర్లీల పద్నాలుగు. హాఫియర్లీల పదకొండు. ఫైనల్ల ఎనభై మూడు! గిదెట్ల? చిట్టీలు పెట్టిండా?"

మనీష్‌కి ఏసీలో కూడా చెమటలు పట్టాయి. ఈ సీటొస్తే కాలేజీ హాస్టలు, పొద్దునా సాయంత్రం బంతి, ఇంట్లో లెక్కల చెర నుంచి విముక్తి. రాకపోతే మళ్ళీ అమ్మ పక్కన స్టూలు!

వసుంధరకి ఒళ్ళు మండింది. "కాపీ కొట్టడం మా ఇంటా వంటా లేదండీ! లెక్క ఇవ్వండి. ఇక్కడే, మీ కళ్ళ ముందే చేస్తాడు."

"యల్లా, కానియ్యి!" అన్నాడు కోచ్. జేబులోంచి మడత కాగితం తీశాడు. "నాకైతే లెక్కలు రావు. మా మాస్టరు రాసిచ్చిండు. జవాబు యెనక ఉంది, చూడొద్దు."

మనీష్ టీపాయ్ ముందు గొంతుకూర్చున్నాడు. రెండు లైన్లు చకచకా రాశాడు. మూడో లైన్లో మైనస్ మర్చిపోయాడు. వసుంధర చెయ్యి దానంతటదే మెళ్ళోకి పోయింది. ఆడవాళ్ళు తాళికి పిన్నీసులు తగిలించుకోవడం మామూలే. ఈవిడ పిన్నీసుల గుత్తిలో బంతికి గాలి కొట్టే సూది కూడా ఉంది. గుత్తి కాస్త గలగలమంది. మనీష్ ఉలిక్కిపడి మైనస్ పెట్టేశాడు.

కోచ్ కాగితం తిప్పి చూశాడు. జవాబు సరిపోయింది. ఆయన చూపు మాత్రం వసుంధర మీదే ఉంది.

"గా సూదేంది మేడమ్?"

"వీడి బంతి నా బియ్యం డ్రమ్ములో ఉంటుందండీ. పది లెక్కలు చేస్తేనే బయటికొస్తుంది. ఒక్కో తప్పుకీ సూది గుచ్చి ఒక్కో 'బుస్స్'. మొదటి వారం బంతి అప్పడమైపోయింది. మూడు నెలలకి గుండ్రంగా నిలబడింది," అంది వసుంధర తొణక్కుండా.

"ఏడుస్తే?"

"ఏడవనిచ్చేదాన్ని. ఏడుపుకి గాలి ఎక్కదుగా!"

హమీదుద్దీన్ పడీపడీ నవ్వాడు. కళ్ళు తుడుచుకుని ఇంకో సున్నుండ తీసుకున్నాడు. "పొద్దుగాల మేడమ్‌కి ఏం పని ఉంటది? కారు నడుపుతరా? గట్టిగ మాట్లాడుతరా?"

"ఆ ఆఖరిది నన్నడగండి!" అన్నాడు శేషాచలం. భార్య చూసిన చూపుకి కారప్పూస గొంతులో అడ్డం పడింది. అయినా లోలోపల పొంగిపోయాడు. తల్లిని చూసి పిల్లని చేసుకోమన్నారు పెద్దలు. కోచ్ గారు పద్ధతి తెలిసిన మనిషే!

"ఖలాస్! పోరడు పాస్," అంటూ హమీదుద్దీన్ లేచాడు. "ఎల్లుండి నుంచి ప్రాక్టీసు. హాస్టల్ల గది ఇస్తం."

అంతే! మనీష్ ఎగిరి గంతేశాడు. ట్రే ఎగిరింది, కారప్పూస ఫ్యాను దాకా వెళ్ళొచ్చింది. తండ్రిని ఎత్తి గిరగిరా తిప్పేశాడు. "ఇక డ్రమ్మూ లేదు, సూదీ లేదు! నాన్నా, నాకు స్వతంత్రం వచ్చింది!"

"దింపరా వెధవా, నడుం పట్టేస్తుంది!" అని శేషాచలం అరుస్తున్నా మొహం మాత్రం వెలిగిపోతోంది.

కోచ్ ఫైల్లోంచి కాలేజీ ముద్ర ఉన్న తెల్ల కవరు తీశాడు. మనీష్ తండ్రిని దింపేసి, చొక్కాకి చేతులు తుడుచుకుని, రెండు చేతులూ చాపాడు. హమీదుద్దీన్ అతన్ని దాటుకుని ముందుకెళ్ళి, కవరు వసుంధర చేతిలో పెట్టాడు.

"ఇది మీకు మేడమ్. మా టీముల పద్దెనిమిది మంది ఉంటే పదకొండు మంది లెక్కలు తప్పి బెంచి మీద కూసున్నరు. ఈ పోరని పదకొండును ఎనభై మూడు చేసినోళ్ళెవరో చూసి, పట్టుకరమ్మని ప్రిన్సిపాల్ సాబ్ నన్ను పంపిండు. రోజూ ప్రాక్టీసుకు ముందు గంట క్లాసు. స్టోరు రూముల నలభై బంతులున్నయి, సూది మాత్రం మీరే తెచ్చుకోండ్రి!"