సద్ది కాడి గోళీలు

"పదో తారీఖున ముప్పై గోళీలు ఇచ్చిన. ఇయ్యాల ఇరవై ఒకటో తారీఖు. అప్పుడే ఎట్ల అయిపోయినయి జమ్లీ?"

మందుల కిటికీ లోపలి నుంచి సునంద అడిగింది. మండల దవాఖానాలో మందులిచ్చేది ఆమే. కిటికీ ఇవతల జమ్లి కొంగును తలకు బిగించి కట్టుకుని నిలబడింది. ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. వెలుతురు పడకుండా దానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయిపోయినయి మేడం. ఇంకిన్ని ఇయ్యి."

"అదే, ఎట్ల అయిపోయినయని అడుగుతున్న."

"మేక తిన్నది."

"మేకకు గూడ సగం తలనొప్పి లేచిందా?"

వెనక వరుసలో ఉన్న ఇద్దరు నవ్వారు. జమ్లి నవ్వలేదు.

"అమ్ముకున్నవా?"

"గోళీలు అమ్ముకొని బతుకుతనా మేడం? మిరపకాయలు ఏరి బతుకుతున్న."

"మరి నిజం చెప్పు. చెప్పకుంటే ఒక్కటి గూడ ఇయ్య."

జమ్లి కిటికీ చెక్కను గట్టిగా పట్టుకుంది. "నిద్ర పడుతలేదు మేడం. నీళ్లు తాగినా కక్కుడే. తలకాయ పగిలిపోతున్నది. ఇయ్యకపోతే ఈడనే పడిపోత."

"పడిపోతే లోపల మంచమున్నది. ముందు చెప్పు."

జమ్లి వెనక వరుసకేసి చూసి, కిటికీకి దగ్గరగా వంగింది.

"పంచిన."

"ఏందీ?"

"తండా నుంచి మిరప చేనుకు ఆరుగురం ఒక్క ఆటోల పోతం. పగటిపూట సద్ది విప్పినంక ఒకరి కూర ఒకరు ఏసుకొని తింటం. అంతమంది నడుమ నేనొక్కదాన్నే గోళీ తీసి నోట్లెట్ల ఏసుకోవాలె? ఎండకు, ఘాటుకు అందరి తలలు నొస్తయి. ఇది చూడు, దాసుకొని మింగుతదని అనరా?"

సునంద రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

"ఇది నొప్పికి మింగే గోళీ కాదు జమ్లీ. నొప్పి లేచినప్పుడు మింగేది వేరే పొట్లంల ఇచ్చిన. దీని మీద పొద్దు బొమ్మ గీసిన. నొప్పి ఉన్నా లేకున్నా దినాం ఒకటి మింగాలె. మైగ్రేన్ లేవకుంట ఆపే మందు ఇది. గుండె కొట్టుకునుడు నెమ్మది చేస్తది. నీ ఛాతి మీద గొట్టం పెట్టి చూసినంకనే డాక్టరు సారు రాసిండు. ఆ ఐదుగురిని ఎవలు చూసిండ్రు?"

"నాకు మంచిగయింది గద మేడం. పోయిన నెల ఒక్కపాలి గూడ లేవలే. వాళ్లకు మాత్రం ఎందుకు కాదనుకున్న."

"ఒకరి మందు ఒకరికి ఇస్తరా?"

"ఇయ్యొద్దని నువ్వు చెప్పలే."

 సునంద పాత చీటీ ఒకటి వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుంది.

"పేర్లు చెప్పు. ఒక్కొక్కలవి."

"ముత్తక్క."

"బీపీ, షుగర్ ఏమన్నా ఉన్నయా?"

"చాయల మూడు చెంచాల చక్కెర ఏసుకుంటది. ఇంతవరకు ఏం కాలే."

"తర్వాత?"

"హేమలత."

"కడుపుతోని గిట్ల ఉన్నదా?"

"పెండ్లే కాలే మేడం." వెనక మళ్లీ ఎవరో నవ్వారు. "ఇగ మోతీ. రెండు ఒక్కపాలే మింగి, కండ్లు తిరుగుతున్నయని గట్టు మీద కూసున్నది."

"చూసినవా? ఆమెను రేపు పట్టుకరా, చూపిద్దాం. ఇంకా?"

"శ్రావణి. చేదున్నదని ఊసేసింది."

"పుణ్యం చేసుకున్నది. నలుగురయిండ్రు. ఐదో ఆమె?"

బయట ఆటో ఒకటి వచ్చి ఆగి, ఎవరినో దింపి వెళ్లిపోయింది. సునంద పెన్నుతో బల్ల మీద కొట్టింది.

"ఐదో ఆమె ఎవలు జమ్లీ?"

"సోని. మా చెల్లె."

"ఆమెకు ఏమన్నా రోగమున్నదా?"

"చిన్నప్పటి సంది దమ్ము. మిరప ఏరే దినాలల్ల ఇంక ఎక్కువైతది."

సునంద పేరు సగమే రాసి ఆపేసింది. లేచి, తన ఫోను తీసి కిటికీలోంచి జమ్లి ముందు పెట్టింది.

"ఆమెకు చెయ్యి, ఇప్పుడే. దమ్మున్నోళ్లు ఈ గోళీ ముట్టొద్దు. లోపల ఊపిరి గొట్టాలు బిగుసుకపోతయి. ఆమె కాడ మిగిలినయి ఉంటే పారెయ్యమను. ఆయాసం వస్తే ఆటో కోసం చూడొద్దు, నూటెనిమిదికి కొట్టుమను. నీకు చేయరాదా? నంబరు చెప్పు, నేనే చేస్త."

జమ్లి కంటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసింది. వెలుతురు సూటిగా మొహం మీద పడుతున్నా రెప్ప వేయలేదు.

"నంబరు చెప్పు జమ్లీ. ఇంకోటి మింగకముందే చెప్పాలె."

"సోని పోయి ఐదు దినాలాయె మేడం," అంది జమ్లి. "మిరప ఘాటు గొంతుల పట్టిందనుకున్నం. ఊపిరాడక చేన్ల పడి కొట్టుకుంటుంటే, ఆ పూట నా వాటా గోళీ గూడ దాని నోట్లనే ఏసిన."