అత్తా కోడళ్ళ పార్కు గొడవ

"ఒక్క పాయింటు! ఒక్క పాయింటుతో బతికిపోయారు ఇవాళ!" గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అంది అత్త. గొంతు బొంగురుపోయింది.

"రేపు చూడండి అత్తయ్యా, ఆ ఒక్కటి పదవుతుంది," అంది వెనకాలే వచ్చిన కోడలు.

వంటింట్లో ఉడికిన గుడ్లు ఒలుస్తున్న కళ్ళజోళ్ళ షాపాయన తల బయటికి పెట్టి చూశాడు. మళ్ళీ మొదలు.

వీధి చివర ఖాళీ స్థలంలో స్పోర్ట్స్ పార్కు కడతారన్న కబురు ఇంటికి మోసుకొచ్చింది ఆయన భార్యే, అంటే ఆ అత్తగారే. ఆ సాయంత్రమే ఇల్లు రెండుగా చీలింది. ఇళ్ళ పక్కన ఆ అరుపులేమిటి, ఆ లైట్లేమిటి, బంతి తగిలి కిటికీ అద్దం పగిలితే ఎవరిది పూచీ అని అత్త. పిల్లలు నడిరోడ్డు మీద ఆడాలా, మనం ఇలాగే కూర్చుని కూర్చుని బస్తాల్లా తయారవ్వాలా అని కోడలు. వీధిలో ఆడవాళ్ళందరూ అయితే అటు, లేకపోతే ఇటు. రోజూ సాయంత్రం బడి ఆవరణలో చర్చ. మగాళ్ళొస్తే మాట తిన్నగా సాగదని వాళ్ళకి ప్రవేశం లేదు.

మగాళ్ళు మాత్రం ఊరుకుంటారా? భార్యలు తెచ్చిన కబుర్లు పట్టుకుని సెలూన్‌లో తగువులాడుకోవడం మొదలుపెట్టారు. మందుల షాపాయన "పార్కు వద్దు" అన్న పాపానికి సెలూన్ ఆయన సగం గడ్డం గీసి కత్తి కింద పెట్టేశాడు. మిగతా సగం ఆయన ఇంటికెళ్ళి గీసుకోవాల్సి వచ్చింది.

భోజనాల దగ్గర అత్తా కోడళ్ళు ఆవురావురుమంటూ తింటున్నారు. పోట్లాడితే ఇంత ఆకలేస్తుందని ఆయనకి ఇన్నాళ్ళూ తెలీదు.

"అటునుంచి ఏదొచ్చినా తిప్పికొట్టాను ఇవాళ," అంది భార్య, ఇంకాస్త వడ్డించుకుంటూ. "మందుల షాపావిడ అందించడం, నేను కొట్టడం. ఒక్కరు నిలబడలేదనుకోండి!"

"అసలు నీకెందుకే ఈ గొడవ?" అన్నాడాయన ఉండబట్టలేక. "పుట్టి బుద్ధెరిగాక మీలో ఒక్కరైనా బంతి ముట్టుకున్నారా?"

అత్తా కోడళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"అందుకే కదా మావయ్యా కావాలంటున్నాం," అంది కోడలు.

"అందుకే కదండీ వద్దంటున్నాం," అంది భార్య.

ఆమె మోచెయ్యి దోక్కుపోయి ఉండటం అప్పుడు చూశాడు. అదేమిటంటే, ఆవేశంలో బల్ల అంచు తగిలిందంది. తినడం కాగానే కోడలు మందు తెచ్చి, ఊదుతూ మరీ రాసింది. సాయంత్రమంతా ఓడించి, ఇంటికొచ్చి మందు రాయడం! ఇదెక్కడి కపటప్రేమ అనుకున్నాడాయన.

కొడుకు ఆయన్ని వసారాలోకి లాక్కెళ్ళాడు. "నాన్నా, ఇక నావల్ల కాదు. వేరే ఇల్లు చూసుకుంటాం. వీళ్ళిద్దరూ ఒకర్నొకరు ఓడించుకోడానికే బతుకుతున్నారు."

కోడలొచ్చాకే ఆ ఇంట్లో పకపకలు వినిపించాయి. అలాంటి ఇల్లు ఓ పార్కు కోసం రెండు ముక్కలవడమా?

మర్నాడు షాపు మూసి మున్సిపల్ ఆఫీసుకెళ్ళాడు.

"మా వీధి పార్కు సంగతి తొందరగా తేల్చండి బాబూ. కడితే కట్టండి, లేకపోతే లేదని చెప్పండి."

గుమాస్తా కంప్యూటర్లో వెతికాడు. పక్క సీటాయన్ని అడిగాడు. "అలాంటిదేదీ మా దాకా రాలేదండీ," అన్నాడు.

"మీ దాకా వచ్చేలోపు మా కొంప కొల్లేరవుతుంది!" అని విసురుగా బయటికొచ్చాడాయన. ఆఫీసుల సంగతి తెలిసిందేగా. ముక్కు కింద జరిగేది కూడా కాగితం మీద పడితే తప్ప వాళ్ళకి కనిపించదు.

ఇక తనే ఏదో ఒకటి చెయ్యాలి. సగం స్థలంలో ఆటలు, సగంలో చెట్లు. ఇళ్ళవైపు ఎత్తుగా వల. చీకటి పడితే లైట్లు బంద్. షాపులో అద్దం ముందు నిలబడి ఉపన్యాసం రెండుసార్లు ఒప్పజెప్పుకున్నాడు. ఆడవాళ్ళ సభ అయితే అయింది, ఒక్క పెద్దమనిషిని గెంటేస్తారా అని ధైర్యం చేసి సాయంత్రం బడికి బయల్దేరాడు.

మూసిన గేటు ముందు స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోపే లోపల్నుంచి భార్య కేక వినిపించింది.

"నాది! నాది! మీరు తప్పుకోండి!"

అప్పుడే స్థలం పంచుకునేదాకా వచ్చారా!

"గీత దాటారు అత్తయ్యా! మీరు గీత దాటారు!" కోడలి గొంతు. ఏనాడూ అత్తగారితో అంత మాట అన్న పిల్ల కాదు.

"ఎవరే దాటింది? కళ్ళు పెట్టుకు చూడు!"

ఆ వెంటనే పదిమంది ఒక్కసారి అరిచారు. "కొట్టు! కొట్టెయ్!"

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉపన్యాసం మర్చిపోయి గేటు మీద పడ్డాడు. వాచ్‌మన్ చటుక్కున లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఆగండి సార్! మగాళ్ళని రానివ్వొద్దని నాకు గట్టిగా చెప్పారు."

"వదులయ్యా! లోపల నా భార్యా, నా కోడలూ కొట్టుకు చచ్చేలా ఉన్నారు! ఆ పార్కు మీటింగు ఏ గదిలోనో చెప్పు ముందు!"

వాచ్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూసి, నవ్వాపుకుంటూ చెవి దగ్గరకి వంగాడు.

"పార్కూ లేదు గీర్కూ లేదు సార్, లోపల వాలీబాల్ మ్యాచ్!"