మొదటి కోటు

రోలర్ ఒక్కసారి పైకి లేచేసరికి పసుపు గోడ మీద జానెడు తెల్లచార పడింది.

"అయ్యో, నా గోడ!" అంది మంచమ్మీద కూర్చున్న భార్య.

"నోరు మూసుకుని కూర్చో," అన్నాడు ఆమె మొగుడు, రంగుల మేస్త్రీ. అంటూనే రోలర్ మళ్లీ రంగులో ముంచాడు.

ముప్పయ్యేళ్ల క్రితం, పెళ్లయిన కొత్తలో, ఈ గదికి ఆ పసుపు రంగు కలిపింది అతనే. చుక్క చుక్కగా కలుపుతూ, బొటనవేలి గోటి మీద అద్దుకుని, ఆరాక ఎండలో పెట్టి చూసుకున్నాడు. అలాంటి కన్ను ఇంకే మేస్త్రీకీ లేదని పేరు.

మొదటి కోటు వేసి పిలిస్తే ఆమె పకపకా నవ్వింది.

"ఇది పసుపా? నాకు తెలుపే కనిపిస్తోంది."

"నీకు కనిపించదులే. నాకు కనిపిస్తోంది."

"అబ్బో, కోతలు!"

రెండో కోటు పడ్డాక గానీ నమ్మలేదు. నమ్మి, తడి ఆరని గోడకి చెంప ఆనించి, సాయంత్రం దాకా ఆ మరకతోనే తిరిగింది. ఎంత బాగుండేవి ఆ రోజులు!

అప్పట్నుంచీ గోడలకు ఎన్నిసార్లు వేసినా అదే రంగు.

ఆ గోడలే కొంప ముంచాయి. ఆ పసుపు వెలుగులో ఆమె కళ్లు పచ్చబడటం అతను పోల్చుకోలేకపోయాడు. ఒళ్లంతా దురద అంటే సబ్బు మార్చాడు. చివరికి వీధిలో, ఎండలో, కూరగాయలమ్మే ఆవిడ చూసి, కామెర్లని చెప్పింది.

పైత్యరసం దిగే గొట్టానికి క్యాన్సర్ గడ్డ అడ్డం పడిందట. లోపల సన్నటి స్టెంట్ ఒకటి పెట్టి దారి చేశారు. కామెర్లు దిగిపోయాయి. గడ్డ అలాగే ఉంది.

"స్టెంట్ మళ్లీ పూడుకుపోవచ్చు," అంది డాక్టరమ్మ. "కళ్లు ఏ కాస్త పచ్చబడినా వెంటనే తీసుకురండి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది."

అతను ఇంటికొస్తూనే తెల్లరంగు డబ్బా తెచ్చాడు.

"కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. నీకేమో కామెర్లే కనబడలేదు మేస్త్రీ!" అంది ఆమె, రెండో గోడ తెల్లబడుతుంటే.

ఇద్దరూ నవ్వారు. అతనికి ఏడుపొచ్చింది.

బీరువా వెనక మాత్రం అరచేతి మేర వదిలేయమంది. వదిలేశాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి చూడటం అతని పనైపోయింది. కాఫీ చల్లారిపోతోందని ఆమె రోజూ సణిగేది.

మూడు నెలలు తెలుపే.

ఇవాళ అతను రెప్ప ఎంతకీ వదల్లేదు.

"ఏంటయ్యా?"

"మొదటి కోటు," అన్నాడు.

ఆమె అద్దం తీసుకుని, వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆమెకు తెలుపే కనిపించింది.

అద్దం పక్కన పెట్టి, చెప్పులేసుకుంది.