నాకు తొందర లేదు

రొహేలియో పికప్ బండి సంత మైదానాన్ని మూడోసారి చుట్టింది.

ఆపడానికి ధైర్యం చాలడం లేదు.

టెక్సస్‌లోని మెకాలెన్ ఊరి శనివారం సంతలో, టైర్ల కొట్టు పక్కన, తెల్ల వ్యాన్ ఆగి ఉంది. మగవాళ్లకి ప్రోస్టేట్ క్యాన్సర్ పరీక్ష. ఉచితం.

లైన్లో ఒక్కడూ లేడు.

రొహేలియో ఇళ్ల పైకప్పులు వేసే మేస్త్రీ. చేతికింద పదకొండు మంది. ఆ వ్యాన్ దగ్గర వాళ్ల కంటపడితే ఇక తన మాట వినేవాడుండడు.

పరీక్ష చేయించుకోకపోతే భార్య నెరేయిదా ఊరుకోదు.

"మీ నాన్న యాభై ఎనిమిదికే ఈ జబ్బుతో పోయాడు. నీకు యాభై ఆరు. పరీక్ష చేయించుకున్న చీటీ లేకుండా గడప తొక్కకు," అంది పొద్దున్నే.

నాలుగో చుట్టులో, గడ్డిటోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు వచ్చి వ్యాన్ ముందు నిలబడ్డాడు.

రొహేలియో బండి ఆపి, తలొంచుకుని ఆయన వెనక చేరాడు.

"నువ్వు ముందు వెళ్లు నాయనా. నాకు తొందర లేదు," అన్నాడాయన.

అంతలో వెనక హారన్ మోగింది. తన పనివాళ్ల ట్రక్కు!

"మేస్త్రీ! నువ్వేంటి ఇక్కడ?" బెటో కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాడు.

రొహేలియో లైన్లోంచి ఓ అడుగు పక్కకి జరిగాడు.

"నా బండి మొరాయించింది. పాపం, మీ మేస్త్రీ దింపాడు. పరీక్ష నాకు!" అన్నాడు ముసలాయన.

"జాగ్రత్త తాతా, వేలు పెడతారట! మగాడిగా లోపలికెళ్లి ఏమై బయటికొస్తావో!"

"ఎద్దులు కుమ్మితేనే ఏం కాలేదురా నాకు. వేలెంత!"

ట్రక్కంతా గొల్లుమంది. రొహేలియో కూడా నవ్వాడు.

వాళ్లు వెళ్లాక ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు.

లోపల వేలూ లేదు, గోలా లేదు. నర్సు మరిబెల్ చేతినుంచి కాస్త రక్తం తీసింది. రెండు నిమిషాలు.

రిపోర్టు బాగాలేదు.

ఆసుపత్రి పరీక్షల్లో తేలింది, క్యాన్సరే. కానీ తొలిదశ. ఆపరేషన్ అయింది. "ఇంకో రెండేళ్లు ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు డాక్టర్.

అయిదు నెలల తర్వాత మళ్లీ రక్తం ఇవ్వడానికి రొహేలియో సంతకొచ్చాడు. చేతిలో నెరేయిదా కట్టిచ్చిన వేడివేడి మొక్కజొన్న పిండి తమాలెల పొట్లం. ముసలాయన కోసం.

"గడ్డిటోపీ పెద్దాయన, దోన్ ఫెర్మీన్ గారా? పోయిన నెల కన్నుమూశారు," అంది మరిబెల్.

పొట్లం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

వెనక హారన్ మోగింది.

"మేస్త్రీ! ఈసారి ఎవర్ని దింపావ్?" బెటో ఒక్కడే ఉన్నాడు ట్రక్కులో.

"ఎవర్నీ కాదు. పరీక్ష నాకే."

బెటో నవ్వబోయి ఆగాడు. ట్రక్కు కదల్లేదు. కాసేపటికి ఇంజిన్ ఆగింది. దిగొచ్చి, టోపీ ముఖం మీదికి లాక్కుని, వెనక నిలబడ్డాడు.

"మా అన్నకి ఈ జబ్బే వచ్చింది మేస్త్రీ," అన్నాడు నేలచూపులతో.

"నువ్వు ముందు వెళ్లు. నాకు తొందర లేదు."

బెటో మెట్లెక్కాడు. రొహేలియో వ్యాన్ గుమ్మంలో ఉన్న మరిబెల్‌ని మెల్లగా అడిగాడు.

"ఆ రోజు దోన్ ఫెర్మీన్ రిపోర్టు ఏమొచ్చింది?"

"ఆయన ఇక్కడ ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు. జబ్బు అప్పటికే ఎముకల్లోకి పాకింది. బండ్లలో చుట్లు కొట్టేవాళ్లు దిగాలంటే ముందు ఎవడో ఒకడు నిలబడి ఉండాలని, ప్రతి శనివారం వచ్చి నిలబడేవారు."