చైర్‌పర్సన్ గారి కుర్చీ

కుర్చీలకు నోరొచ్చి ఏడాదైనా, భీమవరంలోని ఒక రొయ్యల కంపెనీ కిందటివారమే ఒకటి కొంది. ఫ్యాక్టరీ అమ్మాలా వద్దా తేల్చే మీటింగ్ రోజున, చైర్‌పర్సన్ కనకవల్లి భర్త బుల్లిరాజు ఎప్పటిలాగే ఆవిడకన్నా ముందొచ్చి అందులో కూర్చున్నాడు.

"లేవండి. మీరు మేడమ్ గారు కాదు," అంది కుర్చీ.

"ఆవిడైతే ఏంటి, నేనైతే ఏంటి? మేమిద్దరం ఒకటేనమ్మా!"

కుర్చీ వైఫైలో ఎవరితోనో గుసగుసలాడింది. "మీ ఇంటి పొయ్యిని అడిగానండీ. మిమ్మల్నెప్పుడూ చూళ్లేదంటోంది."

డైరెక్టర్లు ఫైళ్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. అప్పుడే లోపలికొచ్చిన కనకవల్లి ఇంటి తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

"నిజమేనండీ, మనిద్దరం ఒకటే. మధ్యాహ్నం పులుసు ఎవరు పెడితే ఏంటి? వెళ్లి పొయ్యికి మీ పేరు చెప్పుకోండి."